ఇబరాకి తీరం: ఏ నెలలో ఏ పూలు, ఏ పండుగ – తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ వచ్చే మనవాళ్ళు చాలామంది ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "ఈ నీలి పూల కొండ ఎక్కడుంది? టోక్యో నుంచి వెళ్ళి రావచ్చా?" అని అడుగుతారు. ఆ కొండ ఇబరాకిలో ఉంది. వెళ్ళి రావచ్చు. కానీ ఆ ఒక్క కొండ చూసి మధ్యాహ్నానికే రైలెక్కేస్తే ఆ తీరంలో ఏడాది పొడవునా జరిగే మిగతాదంతా తెలియకుండానే పోతుంది. ఆ మిగతాది కూడా చూడాలనుకునేవాళ్ళ కోసమే ఈ ప్రశ్నలు, జవాబులు.

ఇబరాకి ఎక్కడుంది? ఎవరూ దాని పేరెత్తరేం?

జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటివి) ఇదొకటి. టోక్యోకి ఈశాన్యంగా, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉంటుంది. ముఖ్య పట్టణం మితో. సముద్ర తీరం సుమారు 190 కిలోమీటర్లు. ఉత్తరాన కొండచరియలు, చిన్న చిన్న చేపల రేవులు ఉంటాయి. ఒఅరాయ్ దాటి దక్షిణానికి వెళ్తే కషిమా దాకా పొడవాటి ఇసుక తీరం.

ఇక పేరెత్తకపోవడం సంగతి. జపాన్‌లో ఏటా ప్రిఫెక్చర్ల ఆకర్షణ మీద ఒక సర్వే వస్తుంది. 2013 నుంచి 2019 వరకు వరుసగా ఏడేళ్ళు ఇబరాకికి దక్కింది చివరి స్థానమే. ఆ ర్యాంకు చూసి ఈ ప్రాంతాన్ని పక్కన పెట్టేయకండి. సర్వేలో జనం చెప్పేది తాము విన్న పేర్ల గురించి. ఇక్కడి పండుగలు ఎక్కువగా ఊరివాళ్ళు తమ కోసం చేసుకునేవి, బయటివాళ్ళకు చాటింపు వేసేవి కావు. అందుకే నాకు ఈ తీరం ఇంత ఇష్టం.

పిల్లల బడి సెలవుల్లో వస్తాం. ఏ సెలవులకు ఏం దొరుకుతుంది?

వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి కాబట్టి నీలి కొండ పూత మీకు అందుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో గోల్డెన్ వీక్, దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. ఏప్రిల్ 28 లోపు ఏదో ఒక పనిదినం చూసుకుని వెళ్ళగలిగితే వెళ్ళండి.

దసరా ఆలస్యంగా వచ్చిన ఏడాది, అంటే అక్టోబర్ మధ్యలో వచ్చినప్పుడు, అదే కొండ ఎర్రగా మారి ఉంటుంది. దసరా తొందరగా వచ్చేస్తే సగం ఆకుపచ్చ, సగం ఎరుపు. అదీ బాగుంటుంది. సంక్రాంతికి వస్తే పూలు ఉండవు. కానీ తీరంలో శీతాకాలపు తిండి, ఎండబెట్టిన చిలగడదుంప, పొద్దున్నే సముద్రంలోంచి లేచే సూర్యుడు ఉంటాయి. జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాటేవరకు వానాకాలం. సెప్టెంబర్‌లో తుఫాన్లు రావచ్చు. ఆ రెండు కాలాల్లో వచ్చేవాళ్ళు ఒకటి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

నీలి కొండ గురించి వివరంగా చెబుతారా?

హితాచినకా నగరంలోని హితాచి సీసైడ్ పార్కులో ఉంది. కొండ పేరు మిహరాషి, సముద్ర మట్టం నుంచి ఎత్తు 58 మీటర్లు. దాని ఒంటి నిండా నెమోఫిలా మొక్కలు, సుమారు 50 లక్షలు. ఏప్రిల్ మధ్యలో పూత మొదలై మే మొదటి వారంలో తగ్గుతుంది. ఆ ఏటి చలిని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది కాబట్టి, పార్కు వెబ్‌సైట్‌లో పూత ఎంతవరకు వచ్చిందో రోజూ పెట్టే సమాచారం చూసుకుని టికెట్ కొనండి.

ఒక్కో పువ్వు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. అయిదు రేకులు, అంచున లేత నీలం, నడుమ తెలుపు. మొక్క జానెడే. కిందికి వంగి చూస్తే ఏ పువ్వూ అంత ముదురు నీలం కాదు. అంత లేత రంగు కొండంతా పరుచుకుని, పైన ఆకాశంతో, శిఖరం దగ్గరికి వెళ్ళాక కనిపించే సముద్రంతో కలిసి ఫోటోలో కనిపించే నీలం అవుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజు కొండ వెలిసిపోయినట్టుంటుంది. ప్రయాణం ఒకరోజు ముందుకో వెనక్కో జరుపుకునే వీలుంటే ఎండ ఉన్న రోజుకే జరపండి.

ఇంకో మాట. ఇదంతా ఒకప్పుడు జపాన్ సైన్యపు విమానాశ్రయం. యుద్ధం తర్వాత అమెరికా సైన్యం దీన్ని బాంబులు వేసే సాధన మైదానంగా వాడుకుని 1973లో తిరిగిచ్చింది. 1991లో పార్కుగా తెరిచారు. పూల మధ్య నడుస్తున్నప్పుడు ఈ సంగతి మీకు గుర్తుండాలని నా కోరిక.

టికెట్ ఎంత? ఎలా వెళ్ళాలి? రద్దీని తప్పించుకోవడం ఎలా?

పెద్దలకు మామూలు రోజుల్లో 450 యెన్‌లు. పూలు విరగబూసే రోజుల్లో దాని మీద అదనపు రుసుము వేస్తారు. జపాన్ లెక్కలో హైస్కూల్ వయసు (సుమారు 15 ఏళ్ళు) రాని పిల్లలకు ఉచితం. మామూలు వారాల్లో మంగళవారం సెలవు ఉంటుంది, పూల కాలంలో ఉండదు.

టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి జోబాన్ లైన్‌లో హితాచి లేదా తొకివా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా పావు, గంటన్నరలో కత్సుతా చేరతారు. ఈ రైళ్ళలో అన్ని సీట్లూ రిజర్వుడే. కత్సుతా తూర్పు ద్వారం నుంచి పార్కుకి బస్సు ఉంటుంది, సుమారు ఇరవై నిమిషాలు. రద్దీ రోజుల్లో ఆ బస్సు రోడ్డు మీదే నిలిచిపోతుంది. పొద్దున్నే గేటు తెరిచే వేళకు అక్కడ ఉండేలా బయల్దేరండి. అలా కుదరకపోతే మధ్యాహ్నం మూడు దాటాక రండి. తెల్లవారుజామునే బయల్దేరలేనివాళ్ళు ముందురోజు రాత్రి మితోలో దిగితే సుఖం.

పార్కు చాలా పెద్దది, తెరిచి ఉన్న భాగమే 200 హెక్టార్లు దాటుతుంది. లోపల అద్దె సైకిళ్ళున్నాయి, వాటి కోసం వేసిన దారే 11 కిలోమీటర్లు. నడవలేని పెద్దవాళ్ళకు టైర్ల మీద నడిచే చిన్న రైలు ఉంది. ఏప్రిల్ కదా అని పల్చటి బట్టలతో రాకండి. కొండ మీద సముద్రపు గాలి గట్టిగా, చల్లగా కొడుతుంది.

అదే కొండ అక్టోబర్‌లో ఎర్రగా ఎలా మారుతుంది?

మొక్కలు మారుస్తారు. నెమోఫిలా అయిపోయాక దున్ని, వేసవి మొదట్లో కోకియా నారు నాటుతారు, 30 వేల పైచిలుకు. వేసవిలో గుండ్రంగా, మెత్తగా, ఆకుపచ్చగా పెరుగుతాయి. సెప్టెంబర్ చివర రంగు తిరగడం మొదలవుతుంది, అక్టోబర్ మధ్యకు కొండ ఎర్రబడుతుంది, నెలాఖరుకు గోధుమ రంగుకు వస్తుంది. తర్వాత వాటిని పీకేసి మళ్ళీ నెమోఫిలా విత్తనం చల్లుతారు. కోకియా కొమ్మలు ఎండితే చీపురుకు పనికొస్తాయి, జపాన్‌లో పూర్వం నుంచీ అలాగే వాడారు. కొండ కింద అదే సమయంలో కాస్మోస్ పూలు ఉంటాయి.

నన్నడిగితే ఏప్రిల్ కన్నా అక్టోబరే మేలు. వాతావరణం నిలకడగా ఉంటుంది, జనమూ కాస్త తక్కువ.

ఫిబ్రవరిలో వస్తున్నాం. చెర్రీ పూలు ఉంటాయా?

ఉండవు, ఇక్కడ అవి ఏప్రిల్ మొదట్లో పూస్తాయి. కానీ ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా మితోలో ఉమె (జపాన్ ప్లమ్) పూలు ఉంటాయి. కైరకుఎన్ తోటలో సుమారు 100 రకాలు, 3,000 చెట్లు. మితో తొమ్మిదో ప్రభువు తొకుగవా నరిఅకి 1842లో ఈ తోటను తెరిచి, సామాన్య ప్రజలకూ ప్రవేశం ఇచ్చాడు. ఉమె చెట్లనే ఎంచుకోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. కాయల్ని ఉప్పులో ఊరబెట్టి ఎండబెడితే ఏళ్ళ తరబడి నిలవుంటాయి, కరువొచ్చినా యుద్ధమొచ్చినా అక్కరకొస్తాయి. ఉమె పండుగ 1896 నుంచి జరుగుతోంది.

ఎక్కువమంది రైలు దిగి తూర్పు ద్వారం నుంచి నేరుగా పూల మధ్యకు వెళ్ళిపోతారు. మీరు చుట్టు తిరిగైనా పడమటి వైపున్న పాత ముఖద్వారం, ఒమోతెమోన్ నుంచి రండి. ముందు వెదురు పొదలు, దేవదారు జాతి చెట్లు, చీకటి, చల్లదనం. ఆ తర్వాత కొబుంతెయ్ అనే చెక్క భవనం. దాని ముందుకు వచ్చేసరికి వెలుతురు, తెల్లవీ గులాబీవీ పూలు, వాసన. ప్రభువు అనుకున్న క్రమం ఇదే. చెర్రీకి లేని సువాసన ఉమెకు ఉంది. గాలి లేని ఉదయం వెళ్తే పూలు కంటపడక ముందే అది తెలుస్తుంది.

తీరం ఊళ్ళలో జరిగే పండుగల్లో తప్పక చూడాల్సింది ఏది?

ఒక్కటే చెప్పమంటే ఒత్సు ఊరి పడవ పండుగ. ఇబరాకికి ఉత్తరపు కొసన, కితాఇబరాకి నగరంలో ఉన్న చేపల రేవు ఒత్సు. అయిదేళ్ళకోసారి మే 2, 3 తేదీల్లో ఊరి దేవుడి పల్లకిని నిజమైన చెక్క పడవలో ఎక్కించి, ఆ పడవను నేల మీద, ఊరి వీధుల్లో లాగుతారు. పడవకు చక్రాలుండవు. ముందు వీధిలో చెక్క చట్రాలు పరుస్తారు. పడవ వాటి మీదుగా జారుతుంది. వెనక వదిలిన చట్రాలను కుర్రాళ్ళు ఎత్తుకుని పరుగెత్తి మళ్ళీ ముందు వేస్తారు. వందల మంది తాళ్ళు పట్టి లాగుతుంటే, ఇంకొందరు పడవ రెండు అంచులకు వేలాడి దాన్ని అటూ ఇటూ ఊపుతారు. ఊపితేనే అది కదులుతుంది. కదిలాక ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చెక్కకు చెక్క రాసుకుని పొగ లేస్తుంది, కాలిన వాసన వీధంతా పాకుతుంది. పడవలో పూజారులు, వాద్యాలు, పడవ పాటలు పాడేవాళ్ళు. వీధులు ఇరుకు, కాబట్టి చూసేవాళ్ళు కాపలావాళ్ళు చెప్పిన చోటే నిలబడాలి.

2017లో జపాన్ ప్రభుత్వం దీన్ని జాతీయ ముఖ్య జానపద సంపదగా గుర్తించింది. 2019లో, 2024లో జరిగింది. అయిదేళ్ళ లెక్కన తర్వాతి వంతు 2029. ఒత్సుకో స్టేషన్‌లో దిగాలి.

మన పుష్కరాల్లాంటిది ఏదైనా ఉందా?

గడువు విషయంలో ఉంది. దక్షిణాన కషిమా మహాదేవాలయంలో పన్నెండేళ్ళకోసారి, జపాన్ పంచాంగంలో గుర్రం పేరున్న సంవత్సరంలో, సెప్టెంబర్ మొదట్లో పడవల ఉత్సవం జరుగుతుంది. అయితే ఇందులో జనం నదికి వెళ్ళి స్నానం చేయరు, దేవుడే నీళ్ళ మీదికి వస్తాడు. డ్రాగన్ తల చెక్కిన పెద్ద పడవలో ఆయన్ని ఎక్కించి, వెంట ఎన్నో పడవలతో కితఉరా సరస్సు మీదుగా తీసుకెళ్తారు. అవతలి వైపు కతోరి దేవాలయం దేవుడు ఎదురొచ్చి స్వాగతం చెబుతాడు. 2014లో జరిగింది, 2026 మళ్ళీ గుర్రం సంవత్సరం. మిగతా ఏళ్ళలో కూడా సెప్టెంబర్ 1న గుడి పండుగ ఉంటుంది. టోక్యో స్టేషన్ నుంచి నేరుగా బస్సుంది, సుమారు రెండు గంటలు.

ఏప్రిల్ మొదట్లో హితాచిలో బొమ్మల రథం ఉంటుందట, నిజమేనా?

నిజమే. హితాచి నగరపు చెర్రీ పండుగలో ఫుర్యూమోనో అనే రథాన్ని బయటికి తీస్తారు. ఎత్తు 15 మీటర్లు, బరువు 5 టన్నులు. లోపల మనుషులు కూర్చుని తాళ్ళతో బొమ్మల్ని ఆడిస్తారు. కోట ఆకారంలో ఉన్న ముందు భాగం అయిదు అంతస్తులుగా విచ్చుకుంటుంది. పాత యుద్ధ కథలు ఆడుతూ, ఉన్నట్టుండి బొమ్మ తిరగబడి వేరే రూపంలోకి మారిపోతుంది. వెనక వైపు ఇంకో కథ. 1945 బాంబుదాడుల్లో రథాలు చాలావరకు కాలిపోతే ఊరివాళ్ళు 1958లో మళ్ళీ నిలబెట్టుకున్నారు. 2009లో యునెస్కో జాబితాలో చేరింది.

హితాచి స్టేషన్ కూడా చూడదగ్గదే. సముద్రం వైపు అంతా అద్దాలే. ఈ ప్రిఫెక్చర్‌లోనే పుట్టిన వాస్తుశిల్పి సెజిమా కజుయో పర్యవేక్షణలో కట్టింది. రైలు కోసం ఎదురుచూస్తూ అక్కడి కేఫ్‌లో కూర్చోండి.

రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ తీరానికి వచ్చారా?

వచ్చారు, 1916లో. ఒత్సుకి దగ్గరలోనే ఇజురా అనే కొండచరియ ఉంది. కళావిమర్శకుడు ఒకకురా తెన్షిన్ 1905లో అక్కడ, కింద అలలు కొట్టుకునే చోట, ఆరు మూలల ఎర్రటి చిన్న మండపం కట్టుకున్నారు. ఆయన 1902లో మన దేశంలో ఉన్నప్పుడు వివేకానందుణ్ణి, ఠాగూర్‌ను కలిశారు. ఠాగూర్ ఇజురా వచ్చేసరికి ఒకకురా చనిపోయి మూడేళ్ళయింది. 2011 మార్చి 11 సునామీ ఆ మండపాన్ని ఊడ్చుకుపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌కల్లా పాత రూపంలోనే మళ్ళీ కట్టారు. భారతీయులు తప్పక వెళ్ళాల్సిన చోటు ఇది.

సముద్రంలో స్నానం చేయవచ్చా?

జూలై మధ్య నుంచి ఆగస్టు మూడో వారం దాకా, బీచ్‌లు అధికారికంగా తెరిచి, రక్షకులు కాపలా ఉన్నప్పుడు మాత్రమే. ఒఅరాయ్ సన్ బీచ్ పిల్లలున్నవాళ్ళకు మంచిది. ఇసుకలో, నీళ్ళలో నడిచే ప్రత్యేక చక్రాల కుర్చీలు కూడా అక్కడ ఉంటాయి.

కషిమా తీరంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. ఇసుక కొట్టుకుపోకుండా అక్కడ సముద్రంలోకి రాతి కట్టలు కట్టారు. వాటి పక్కన నీరు లోపలికి లాగేస్తుంది, ప్రాణాలు పోయాయి. కట్టల దగ్గర మోకాలి లోతుకు కూడా దిగకండి. తీరంలో ఎక్కడున్నా భూమి గట్టిగా కంపిస్తే సైరన్ కోసం ఆగకుండా ఎత్తైన చోటికి వెళ్ళిపోండి.

రాళ్ళ మీద, అలల మధ్య ఉన్న గుడి ద్వారం ఎక్కడిది?

ఒఅరాయ్ ఇసొసకి దేవాలయానిది. గుడి 856లో వెలిసింది. సముద్రంలోని బండ మీద నిలబెట్టిన తోరీ ద్వారం వెనక నుంచి సూర్యుడు లేస్తాడు. జనవరి 1న ఆ ఉదయం చూడటానికి జనం చీకట్లోనే వచ్చి నిలబడతారు, సూర్యోదయం 6.50 ప్రాంతంలో. బండల మీదికి దిగడం నిషిద్ధం, ఒడ్డు నుంచే బాగా కనిపిస్తుంది. దగ్గర్లో సొరచేపలకు పేరుపడ్డ ఆక్వా వరల్డ్ అక్వేరియం ఉంది.

వానాకాలం జూన్‌లో ఏం చూడాలి?

ఇతకో. మే చివర నుంచి జూన్ దాకా కాలువ ఒడ్డున ఐరిస్ పూలు పూస్తాయి, వాన తడిలోనే వాటి అందం. ఒకప్పుడు ఈ ఊళ్ళో కాలువలే దారులు, పెళ్ళికూతురు కూడా పడవలోనే అత్తింటికి వెళ్ళేది. ఆ పడవను పండుగ రోజుల్లో ఇప్పటికీ నడుపుతారు. అందులో కూర్చునే తెల్లబట్టల అమ్మాయి నిజంగా పెళ్ళి చేసుకుంటున్న అమ్మాయే.

బాణసంచా పోటీ సంగతేంటి?

త్సుచిఉరాలో నవంబర్ మొదటి శనివారం, నది ఒడ్డున జరుగుతుంది. జపాన్‌లోని మూడు పెద్ద పోటీల్లో ఒకటి. 1925లో ఒక బౌద్ధ గుడి పూజారి, చనిపోయిన నౌకాదళ విమాన సైనికుల ఆత్మశాంతి కోసం మొదలుపెట్టాడు. దేశం నలుమూలల నుంచి బాణసంచా చేసేవాళ్ళు తమ కొత్త పనితనం తెచ్చి పోటీ పడతారు. టోక్యో వేసవి బాణసంచా చూసినవాళ్ళకు కూడా ఇక్కడ తేడా తెలుస్తుంది. సీటు ముందే కొనుక్కోండి, కంబళి తెచ్చుకోండి, తిరుగు రైలు కిక్కిరిసి ఉంటుందని సిద్ధపడండి.

శాకాహారులం. తిండి దొరుకుతుందా?

శ్రద్ధ పెడితే దొరుకుతుంది. ఇక్కడ అసలు సమస్య మాంసం కాదు, చారులో కలిపే చేప రసం. కూరగాయల నూడుల్స్‌లో కూడా అది ఉంటుంది. మితోకి పేరు తెచ్చిన నత్తో పులియబెట్టిన సోయా గింజలదే, కానీ పెట్టెలో ఇచ్చే చిన్న సాస్ పొట్లంలో చేప ఉంటుంది. అది పక్కన పెట్టి సోయా సాస్‌తో తినండి. వాసన మీకు పడుతుందో లేదో కొద్దిగా రుచి చూసి తేల్చుకోండి.

భయం లేకుండా తినగలిగింది హొషిఇమో, ఎండబెట్టిన చిలగడదుంప. జపాన్‌లో తయారయ్యే దానిలో పదింట దాదాపు తొమ్మిది వంతులు ఇబరాకిదే. ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి, పలకలుగా కోసి, చలికాలపు ఎండలో, సముద్రపు గాలిలో ఆరబెడతారు. మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు అనుకుని పారేయకండి, అది దుంపలోని చక్కెరే. హితాచినకా చుట్టుపక్కల డిసెంబర్, జనవరి నెలల్లో కొత్త సరుకు వస్తుంది. మే, జూన్‌లలో అయితే హొకోతా ఖర్బూజాలు. శరదృతువులో కసమా చెస్ట్‌నట్లు.

చేప తినేవాళ్ళు చలికాలంలో అంకో పులుసు తినాలి. చూడ్డానికి వికారమైన, జారిపోయే లోతు నీటి చేప అది. బల్ల మీద నిలవదు కాబట్టి కొక్కేనికి వేలాడదీసి కోస్తారు. ఎముకలు తప్ప ఏదీ పారేయరు. జాలర్లు చేసుకునే దొబుజిరు అనే అంకో పులుసులో చుక్క నీరు పోయరు. కాలేయాన్ని కుండలో వేయించి, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపి, చేపలోంచి, కూరల్లోంచి ఊరే నీటితోనే ఉడికిస్తారు. పడవలో మంచినీళ్ళు పొదుపు చేసుకోవాల్సి వచ్చిన రోజుల వంట అది.

కారు అద్దెకు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, ఇక్కడా ఎడమ వైపే నడపాలి. ఫుకురోదా జలపాతానికి, ర్యూజిన్ వేలాడే వంతెనకు కారే సుఖం. జలపాతం ఎత్తు 120 మీటర్లు, నాలుగు మెట్లుగా దూకుతుంది. నవంబర్‌లో ఆకుల రంగులు, బాగా చలి పడిన ఏట జనవరి, ఫిబ్రవరిలో గడ్డకట్టిన నీరు. నీలి కొండ రద్దీ రోజుల్లో మాత్రం కారు వద్దు, రైలే నయం.

ఒక్కరోజే ఉంది. ఏం చేయమంటారు?

ఏప్రిల్ చివర అయితే పొద్దున్నే పార్కు, మధ్యాహ్నం కత్సుతా నుంచి అజిగఉరా దాకా వెళ్ళే చిన్న రైలు ఎక్కి నకమినతో చేపల బజారు. ఫిబ్రవరి చివర అయితే ఉదయం కైరకుఎన్, సాయంత్రం ఒఅరాయ్ తీరం. అక్టోబర్‌లో ఎర్ర కొండ ఒక్కటే పెట్టుకోండి, సైకిల్ తొక్కుతూ రోజంతా గడపండి. మే 2, 3 తేదీల్లో ఒత్సు వంతు వచ్చిన ఏడాది మీరు జపాన్‌లో ఉంటే మిగతావన్నీ మానేసి అక్కడికే వెళ్ళండి.